కార్ల్ రోజర్స్

కార్ల్ రాన్సమ్ రోజర్స్ (జనవరి 8, 1902 - ఫిబ్రవరి 4, 1987) ప్రసిద్ధ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, మనోచికిత్సకుడు, విద్యావేత్త. మంత్రణం లేదా కౌన్సెలింగ్ అని నేడు పిలువబడుతున్న వృత్తికి శాస్త్రీయమైన పునాది వేసినవారిలో ఈయన అగ్రగణ్యుడు. ఈయన ప్రతిపాదించిన పద్ధతికి అనిర్దేశక మంత్రణం, సహాయార్థి కేంద్రిత చికిత్స, వ్యక్తి కేంద్రిత విధానం అని కాలక్రమంలో పేర్లు ఏర్పడ్డాయి. వైద్యపట్టా లేనివారు కూడా మనోచికిత్స చేయవచ్చునని పోరాడి నెగ్గిన రోజర్స్, విశ్వవిద్యాలయాలలో కౌన్సెలర్ల శిక్షణకు ఒక రూపం ఇచ్చాడు. అయితే జీవితపు మలిదశలో పట్టాలు, లైసెన్సుల వ్యవస్థనే తీవ్రంగా విమర్శించాడు. ఈ రెండింటినీ కలిపి చూచినప్పుడే ఆయన జీవితం సరిగా అర్థమవుతుంది.

బాల్యం, విద్యాభ్యాసం

రోజర్స్ అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, చికాగో నగర శివారు అయిన ఓక్ పార్క్‌లో జన్మించాడు. తండ్రి వాల్టర్ రోజర్స్ సివిల్ ఇంజనీరు. తల్లి జూలియా. ఆరుగురు సంతానంలో కార్ల్ నాల్గవవాడు. అది కఠినమైన ప్రొటెస్టెంట్ క్రైస్తవ నియమాలు గల కుటుంబం. ఆటపాటలకు, స్నేహాలకు అంతగా అవకాశం లేని ఆ ఇంటిలో బాలుడైన కార్ల్ ఎక్కువగా పుస్తకాలతోనే కాలం గడిపాడు. ఆయనకు పన్నెండేళ్ళ వయసులో కుటుంబం ఒక వ్యవసాయ క్షేత్రానికి తరలివెళ్ళింది. తండ్రి శాస్త్రీయ పద్ధతిలో సేద్యం చేయించడం వలన ప్రయోగం, పరిశీలన, కొలత అన్నవి ఆయనకు చిన్ననాటనే పరిచయమయ్యాయి.

1919లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయ విద్యార్థిగా చేరాడు. తరువాత మతసేవ వైపు మనసు మళ్ళి చరిత్రను ప్రధాన విషయంగా తీసుకున్నాడు. 1922లో క్రైస్తవ విద్యార్థుల అంతర్జాతీయ సభలో పాల్గొనడానికి చైనాలోని పెకింగ్ నగరానికి వెళ్ళాడు. ఆరు నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణంలో నిష్ఠాపరులైనవారు కూడా పరస్పర విరుద్ధమైన విశ్వాసాలతో జీవించడం చూచి, తలిదండ్రుల మతభావాల నుండి క్రమంగా దూరమయ్యాడు. 1924లో పట్టభద్రుడై, అదే సంవత్సరం బాల్యమిత్రురాలు, చిత్రకారిణి అయిన హెలెన్ ఎలియట్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి డేవిడ్, నాటలీ అను ఇద్దరు పిల్లలు.

వివాహానంతరం న్యూయార్క్‌లోని యూనియన్ థియొలాజికల్ సెమినరీలో చేరాడు. అక్కడ కొందరు విద్యార్థులు అధ్యాపకుడు లేకుండా, తమ సందేహాలే పాఠ్యాంశాలుగా ఒక చర్చాతరగతి నడుపుకొనడానికి అనుమతి పొందారు. ఆ చర్చల ఫలితంగా రోజర్స్‌తో సహా పలువురు మతవృత్తిని విడిచిపెట్టారు. విద్యార్థిని నమ్మి వదిలిపెడితే తన దారి తానే వెతుక్కుంటాడన్న ఆయన విశ్వాసానికి ఈ అనుభవం తొలి బీజంగా భావించవచ్చు. అటుపిమ్మట కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన టీచర్స్ కాలేజీలో మనస్తత్వ శాస్త్రం అభ్యసించాడు. పిల్లల వ్యక్తిత్వ సర్దుబాటును కొలిచే పరీక్షపై పరిశోధన చేసి 1931లో డాక్టరేట్ పొందాడు.

రోచెస్టర్‌లో పన్నెండు సంవత్సరాలు

1928లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో, పిల్లలపై క్రూరత్వ నివారణ సంఘానికి చెందిన బాలల అధ్యయన విభాగంలో ఉద్యోగంలో చేరాడు. జీతం సంవత్సరానికి 2,900 డాలర్లు. న్యాయస్థానాలు, సేవాసంస్థలు పంపిన నేరప్రవృత్తి గల పిల్లలను, నిరుపేద బాలలను పరీక్షించి తగిన ఏర్పాట్లు సూచించడం ఆయన పని.

ఇక్కడ జరిగిన ఒక సంఘటనను రోజర్స్ తరువాతి కాలంలో పలుమార్లు ప్రస్తావించాడు. అల్లరిచిల్లరగా తిరిగే ఒక బాలుని తల్లితో ఆయన అనేక వారాలు మాట్లాడాడు. చిన్నతనంలో ఆమె బిడ్డను నిరాకరించడమే సమస్యకు మూలమని నిర్ధారించి, ఆ సంగతి ఆమెకు నచ్చజెప్పడానికి ప్రయత్నించి విఫలుడయ్యాడు. ఇక విరమిద్దామని ఇద్దరూ అంగీకరించారు. తలుపు వరకు వెళ్ళిన ఆమె వెనుదిరిగి, పెద్దవారి సమస్యలు కూడా వింటారా అని అడిగింది. మళ్ళీ కూర్చుని తన వైవాహిక జీవితంలోని దుఃఖాన్ని, వైఫల్యాన్ని తన మాటలలోనే చెప్పుకున్నది. ఈసారి రోజర్స్ విశ్లేషించలేదు, విన్నాడు. తల్లి పరిస్థితి మెరుగుపడింది, బాలుడూ కుదుటపడ్డాడు. ఎక్కడ నొప్పి ఉన్నదో, ఎటు వెళ్ళాలో సహాయార్థికే తెలుసునన్న ఆయన సిద్ధాంతానికి ఈ అనుభవం మూలమైనది.

1939లో సమస్యాత్మక బాలల చికిత్సపై తన మొదటి గ్రంథాన్ని ప్రచురించాడు. అదే కాలంలో రోచెస్టర్ గైడెన్స్ సెంటర్ ఏర్పడినప్పుడు, వైద్యుడు కానివాడు దానికి అధిపతి కారాదని మనోరోగ వైద్యులు అభ్యంతరం చెప్పారు. ఆ వివాదంలో రోజర్స్ నెగ్గి కేంద్రానికి మొదటి డైరెక్టరు అయ్యాడు. మనోచికిత్స వైద్యుల గుత్తసొత్తు కాదని వాదించవలసిన అవసరం ఆయనకు ఇక్కడే మొదటిసారి ఎదురైంది.

శిక్షణలో కొత్త పద్ధతులు

1940లో ఓహయో స్టేట్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుగా నియమితుడయ్యాడు. ఆ సంవత్సరం డిసెంబరు 11న మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో చేసిన ఉపన్యాసాన్ని తన విధానానికి జన్మదినంగా ఆయన పరిగణించేవాడు. మిన్నెసోటా అప్పుడు ఇ.జి. విలియమ్సన్ నాయకత్వంలో నిర్దేశక మంత్రణానికి కేంద్రం. సలహా చెప్పడమే కౌన్సెలర్ విధి అని నమ్మినచోట సలహా చెప్పరాదని వాదించడంతో సభలో పెద్ద దుమారం రేగింది.

1942లో వెలువడిన కౌన్సెలింగ్ అండ్ సైకోథెరపీ గ్రంథంలో, ఒకే వ్యక్తితో జరిపిన ఎనిమిది సమావేశాల సంభాషణను పూర్తిగా అచ్చువేశాడు. సమావేశాలను రికార్డుపై ముద్రించి, అక్షరం పొల్లుపోకుండా రాయించి, విద్యార్థులకు చూపడం అప్పటికి కొత్త. అంతవరకు చికిత్సాగదిలో ఏమి జరిగిందో చికిత్సకుని జ్ఞాపకం ద్వారా మాత్రమే తెలిసేది. ఈ మార్పు వలన విద్యార్థి తాను ఎక్కడ తొందరపడ్డాడో, ఎక్కడ వినలేదో తానే వినగలిగాడు. అనుభవజ్ఞుని పర్యవేక్షణలో విద్యార్థులు నిజమైన సహాయార్థులతో పనిచేసే తరగతిని కూడా రోజర్స్ విశ్వవిద్యాలయంలో ప్రవేశపెట్టాడు. నేటి స్నాతకోత్తర కౌన్సెలింగ్ కోర్సులలో ముఖ్యభాగాలైన ప్రాక్టికమ్, రికార్డింగు, పర్యవేక్షణ అనే అంశాలకు ఈ కృషి పునాది అయింది.

చికాగో, విస్కాన్సిన్

1945లో చికాగో విశ్వవిద్యాలయానికి వెళ్ళి కౌన్సెలింగ్ సెంటర్‌ను స్థాపించాడు. రెండవ ప్రపంచ యుద్ధం నుండి తిరిగివచ్చిన లక్షలాది సైనికులకు మానసిక సహాయం అవసరమైన రోజులవి. వారందరికీ సరిపడినంతమంది వైద్యులు లేరు. అయినప్పటికీ ఆ విశ్వవిద్యాలయపు మనోరోగ వైద్యశాఖాధిపతి, సెంటర్ సభ్యులు లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నారని, దానిని మూసివేయాలని కోరాడు. రోజర్స్ దీటుగా సమాధానం ఇవ్వడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. ఈయన 1947లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్‌కు అధ్యక్షుడుగా ఉన్నాడు. 1951లో క్లయింట్ సెంటర్డ్ థెరపీ గ్రంథం వెలువడింది.

ఈ కాలంలోనే రోజర్స్ స్వయంగా మానసిక సంక్షోభానికి గురయ్యాడు. తీవ్రంగా కలత చెందిన ఒక సహాయార్థి విషయంలో తన హద్దులు తెలుసుకోలేక, ఆమెను మరొకరికి అప్పగించి, భార్యతో కలిసి రెండు మూడు నెలల పాటు ఊరు విడిచి వెళ్ళిపోయాడు. తిరిగివచ్చిన తరువాత తన వద్ద శిక్షణ పొందిన ఒక యువ సహోద్యోగి దగ్గర చికిత్స పొందాడు. గురువు శిష్యుని సహాయం కోరడం ఆయన సిద్ధాంతానికి స్వయంగా పెట్టుకున్న పరీక్ష అనవచ్చు.

1957లో ప్రచురించిన సుప్రసిద్ధ వ్యాసంలో, మనిషిలో మార్పు రావడానికి అవసరమైన, చాలినన్ని పరిస్థితులను వివరించాడు. వాటిలో చికిత్సకునికి సంబంధించినవి మూడు: కపటం లేని నిజాయితీ, షరతులు లేని ఆదరణ, సహానుభూతి. సహాయార్థి వీటిని కొంతైనా గ్రహించగలగాలి. చికిత్సకునికి వృత్తిపరమైన ప్రత్యేక జ్ఞానం ఉండితీరాలన్నది ఆ జాబితాలో లేకపోవడం గమనించవలసిన విషయం.

అదే సంవత్సరం విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చేరి, ఆస్పత్రిలోని స్కిజోఫ్రీనియా రోగులపై తన పద్ధతిని పరీక్షించాడు. ఫలితాలు ఆశించినంతగా రాలేదు, పరిశోధకుల మధ్య కలహాలు చెలరేగాయి. మరోవైపు మనస్తత్వ శాస్త్ర విభాగంలో స్నాతకోత్తర విద్యార్థులను వరుస పరీక్షలతో వడపోసి, చివరకు కొద్దిమందికే డాక్టరేట్ దక్కేట్లు చేయడం ఆయనను బాధించింది. 1963లో ఆ విభాగం నుండి రాజీనామా చేశాడు. స్నాతకోత్తర విద్యపై ఆయన రాసిన ఘాటైన విమర్శ చేతి నుండి చేతికి ప్రతులుగా తిరిగి, తరువాత 1969లో ఫ్రీడమ్ టు లెర్న్ గ్రంథంలో చేరింది. విద్యార్థిని నమ్మకపోవడం, పరీక్షలో నెగ్గడమే యోగ్యత అనుకోవడం ఆ విద్యకు మూలదోషాలని ఆయన వాదన.

లైసెన్సులపై వివాదం

1964లో కాలిఫోర్నియాలోని లా హొయాకు తరలివెళ్ళిన రోజర్స్ ఆపై విశ్వవిద్యాలయ ఉద్యోగం చేయలేదు. 1968లో సహచరులతో కలిసి సెంటర్ ఫర్ స్టడీస్ ఆఫ్ ది పర్సన్ అను సంస్థను నెలకొల్పాడు. 1972లో హొనొలులులో జరిగిన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ సభలో, వృత్తిపరమైన సేవకు గాను పురస్కారం అందుకున్న సందర్భంగా ఆయన చేసిన ప్రసంగం సంచలనం కలిగించింది. ధ్రువీకరణ పత్రాలు, లైసెన్సులు ఎత్తివేయడం మేలని ఆయన సూచించాడు. తాను అధ్యక్షుడుగా ఉన్న 1947లో వృత్తి మనస్తత్వవేత్తలను పరీక్షించే బోర్డు ఏర్పడినప్పుడు ఎదిరించనందుకు విచారం వెలిబుచ్చాడు.

ఆయన వాదన మూడు అంశాలపై నిలిచింది. నిబంధనలు వృత్తిని గతకాలపు జ్ఞానం వద్దనే స్తంభింపజేస్తాయి. పత్రం ఉన్న మోసగాళ్ళు, పత్రం లేని సమర్థులు సమానంగానే కనిపిస్తారు. క్రమంగా అధికార యంత్రాంగం పెరిగి, వినే గుణం కంటే అర్హతల లెక్క ముఖ్యమవుతుంది. దీనికి ప్రత్యర్థుల సమాధానం కూడా బలమైనదే. లైసెన్సు లేనిచోట ఎవరైనా బోర్డు కట్టుకోవచ్చు. బాధలో ఉన్న మనిషి మంచిచెడ్డలు పోల్చుకునే స్థితిలో ఉండడు, మోసపోతే ఫిర్యాదు చేయడానికి చోటు ఉండదు. రోజర్స్ మానవ స్వభావంపై పెట్టుకున్న నమ్మకం ఈ ప్రమాదాన్ని తక్కువగా అంచనా వేసిందని విమర్శకుల అభిప్రాయం.

చరిత్ర లైసెన్సుల వైపే నడిచింది. 1976లో వర్జీనియా రాష్ట్రం కౌన్సెలర్లకు లైసెన్సు ఇచ్చే మొదటి చట్టం చేసింది. 1981లో శిక్షణ కోర్సులకు గుర్తింపునిచ్చే జాతీయ మండలి ఏర్పడింది. అన్ని రాష్ట్రాలకంటే చివరగా, 2009లో, రోజర్స్ నివసించిన కాలిఫోర్నియా ఈ చట్టం చేసింది. అక్కడ అభ్యర్థికి 60 సెమిస్టర్ యూనిట్ల స్నాతకోత్తర విద్య, పర్యవేక్షణలో 3,000 గంటల అనుభవం, పరీక్షలలో ఉత్తీర్ణత అవసరం. ఇటువంటి కోర్సుల తొలి పాఠాలలో బోధించేది మాత్రం రోజర్స్ చెప్పిన సహానుభూతి, ఆదరణ, నిజాయితీలనే.

అభివ్యక్తి కళల చికిత్స

సృజనాత్మకత వికసించడానికి మానసిక భద్రత, మానసిక స్వేచ్ఛ అవసరమని రోజర్స్ 1954లోనే ప్రతిపాదించాడు. ఆయన కుమార్తె నాటలీ రోజర్స్ (1928 - 2015) దీనిని ముందుకు తీసుకువెళ్ళింది. తండ్రి పద్ధతి మాటలకే పరిమితమైనదని గ్రహించి, కదలిక, చిత్రలేఖనం, మట్టిబొమ్మలు, రచన, ధ్వని ద్వారా మనోభావాలను వెలికితెచ్చే విధానాన్ని రూపొందించింది. 1984లో ఇందుకోసం కాలిఫోర్నియాలో ఒక శిక్షణసంస్థను స్థాపించింది. అంతకుముందే 1969లో అమెరికన్ ఆర్ట్ థెరపీ అసోసియేషన్ ఏర్పడింది. 1974లో మసాచుసెట్స్‌లోని లెస్లీ కళాశాలలో ఈ రంగంలో స్నాతకోత్తర విద్య ఆరంభమైంది. న్యూయార్క్ రాష్ట్రం 2002లో సృజనాత్మక కళల చికిత్సకులకు ప్రత్యేక లైసెన్సు చట్టం చేసింది. అటువంటి లైసెన్సు లేని రాష్ట్రాలలో కళాచికిత్స నేర్చినవారు పలువురు కౌన్సెలర్ లైసెన్సు కూడా పొందుతారు. తండ్రి వద్దన్న ద్వారం గుండానే కుమార్తె ఎంచుకున్న రంగంలోని విద్యార్థులు వృత్తిలోకి ప్రవేశిస్తున్నారు.

చివరి సంవత్సరాలు

రోజర్స్ తన మలిదశను బృంద సమావేశాలకు, శాంతి ప్రయత్నాలకు వినియోగించాడు. ఉత్తర ఐర్లండులోని కేథలిక్కులను, ప్రొటెస్టెంట్లను ఒకచోట కూర్చోబెట్టాడు. దక్షిణాఫ్రికాలో నల్లవారి, తెల్లవారి మధ్య సంభాషణలు జరిపించాడు. 1986లో సోవియట్ యూనియన్‌లో పర్యటించాడు. 1979లో భార్య హెలెన్ మరణించింది. 1982లో అమెరికన్ మనస్తత్వవేత్తల మధ్య జరిపిన సర్వేలో అత్యంత ప్రభావశీలుడైన మనోచికిత్సకుడుగా ఎంపికయ్యాడు. 1987లో జారిపడి తుంటిఎముక విరగడంతో శస్త్రచికిత్స జరిగింది. అనంతరం గుండెపోటు వచ్చి ఫిబ్రవరి 4న మరణించాడు.

తెలుగు విద్యార్థులకు పరిచయం

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో ఉపాధ్యాయ శిక్షణ పొందేవారికి విద్యా మనోవిజ్ఞానంలో మార్గదర్శకత్వం - మంత్రణం పాఠం ద్వారా రోజర్స్ పేరు సుపరిచితం. విలియమ్సన్ నిర్దేశక మంత్రణానికి ఎదురుగా రోజర్స్ అనిర్దేశక మంత్రణాన్ని గుర్తుంచుకొనడంతో సాధారణంగా ఆ పాఠం ముగుస్తుంది. కాని ఆయన లేవనెత్తిన ప్రశ్న మన దేశంలోనూ సజీవమైనదే. భారతదేశంలో క్లినికల్ సైకాలజిస్టుల నమోదు 1992 నాటి పునరావాస మండలి చట్టం కిందకు వస్తుంది. ఇతర మనస్తత్వవేత్తలను, కౌన్సెలర్లను నమోదు పరిధిలోకి తెచ్చే చట్టం 2021లో వచ్చింది. ఎదుటివారి దుఃఖాన్ని వినే అర్హత పట్టా వలన వస్తుందా, మనిషి స్వభావం వలన వస్తుందా అన్నది రోజర్స్ ప్రశ్న. విని అర్థం చేసుకోవడం నేర్పదగిన విద్యే అని నిరూపించినవాడూ ఆయనే.