సామర్లకోట తోటమాలి: రాక్స్‌బర్గ్ వైద్యుని జీవితము

ఈ ద్వీపములలో ఉద్యోగము చేయు మనలో పడౌక్ కర్ర నెరుగనివారుండరు. కార్యాలయములలోని పాత బల్లలు, క్వార్టర్ల తలుపులు, చాథం దీవి రంపపు మిల్లులోని ఎర్రని దుంగలు మనకు నిత్యపరిచితములు. అండమాన్ నికోబార్ దీవుల అధికార వృక్షముగా గౌరవమందుచున్నదియు ఈ చెట్టే. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని టెరోకార్పస్ డాల్బెర్జియాయిడిస్ అని వ్యవహరించుచు, ఆ పేరు ప్రక్కన నామకరణము చేసినవారి పేరును సంక్షిప్తముగా వ్రాయుదురు. ఆ పొడి యక్షరముల వెనుకనున్న మనుష్యుడు ఈ దీవులలో కాపురమున్నవాడు కాడు. ఆయన యౌవనములో పండ్రెండేండ్లకాలము నేటి కాకినాడ జిల్లాయందలి సామర్లకోటలో గడచినది. ఆయనయే డాక్టరు విలియం రాక్స్‌బర్గ్. మన పల్లెవారి నోటిలోని మొక్కల పేర్లను విని, వ్రాసి, ప్రపంచ శాస్త్రగ్రంథముల కెక్కించిన ఈయన చరిత్రము, సముద్రము దాటి వచ్చిన తెలుగువారమగు మనకు తెలిసికొనదగినది.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండు దేశమున ఎయిర్‌షైరు ప్రాంతములో జన్మించెను. ఎడింబరో విశ్వవిద్యాలయమున వైద్యము నభ్యసించెను. ఆ కాలమున వైద్యునికి మందుల దుకాణముకంటె మందుల తోటయే ముఖ్యము. ఏ వేరు ఏ మొక్కదో కంటితో చూచి చెప్పలేనివాడు వైద్యుడు కాజాలడని పెద్దల యభిప్రాయము. అచటి వృక్షశాస్త్రాచార్యుడగు జాన్ హోప్ తన శిష్యులను తోటలో త్రిప్పుచు, పుష్పభాగములను విప్పి చూపుచు బోధించెడివాడు. ఆ గురువు పెట్టిన దీపమే రాక్స్‌బర్గ్ జీవితమంతయు వెలిగినది.

ఈస్టిండియా కంపెనీ ఓడలలో సహాయ వైద్యుడుగా కొంతకాలము తిరిగి, 1776లో ఈయన చెన్నపట్టణమున కంపెనీ వైద్యశాఖలో చేరెను. అచట రోగులను చూచుటయేగాక, దినమునకు పలుమారులు ఉష్ణమాపకమును, వాయుభారమాపకమును పరిశీలించి, గాలి యే దిక్కున వీచినది, వాన యెంత కురిసినది అను సంగతులను క్రమము తప్పక వ్రాసియుంచెను. దినచర్యగా చేయు చిన్నపని కాలక్రమమున నెంత పెద్ద ప్రయోజనము నిచ్చునో ముందు చూడగలము.

1781లో ఈయన సామర్లకోటకు వచ్చెను. పెద్దాపురమునకును పిఠాపురమునకును నడుమ, కుమారారామ భీమేశ్వరుని సన్నిధానముగల ఈ యూరు అప్పుడు కంపెనీ సైనికుల స్థావరము. సైనికులకు వైద్యము చేయుట ఉద్యోగధర్మము. తీరిక వేళల తోటపని మనోధర్మము. ఆ తోటలో మిరియము, కాఫీ, దాల్చినచెక్క, జాజికాయ, సీమపనస, పట్టుపురుగుల కొరకు మల్బరీ, అద్దకపు రంగుల నిచ్చు మొక్కలు మున్నగువానిని నాటి, ఏది ఈ మన్నుకు ఒదుగును, ఏది ఒదుగదు అని పరీక్షించెను. సామర్లకోటకు ఉత్తరమునగల కొండలలో స్వయముగా పెరుగు మిరియపు తీగను గమనించి, దానిని తోటకు తెచ్చి సాగుచేయించెను. పెద్దాపురము, పిఠాపురము జమీందారీలలోని రైతులు చెరకును నాటుట మొదలు బెల్లము వండువరకు చేయు పనులన్నిటిని గట్టుమీద నిలిచి చూచి, ఒక వివరమైన వ్యాసమును రచించెను. సాగుబడి విషయమున మన కాపులే ఈయనకు ఉపాధ్యాయులైరనుట అతిశయోక్తి గాదు.

తెలుగు తీరమున ఈ విద్యలో ఈయనకు ముందు నడచినవారిద్దరు కలరు. మొదటివాడు లినేయసు మహాశయుని శిష్యుడగు కోనిగ్. ఆయన కంపెనీకి ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా పనిచేయుచు 1785లో కాకినాడ జగన్నాథపురమున కాలధర్మము నొందెను. రెండవవాడు విశాఖపట్టణమున నివసించి, పాములను గూర్చి గ్రంథము వ్రాసిన పాట్రిక్ రస్సెల్. 1789లో రస్సెల్ స్వదేశమునకు మరలగా ఆ పదవి రాక్స్‌బర్గ్‌ను వరించెను.

తోటమాలి జీవితము పూలబాట కాదు. వరద ముంచుకొని వచ్చి, ఈయన యేండ్ల తరబడి సేకరించిన ఎండుమొక్కల నమూనాలు, పుస్తకములు, కాగితములు సర్వమును నీటిపాలు చేసినది. ఈయన నిరాశపడి కూర్చుండలేదు. తిరిగి మొదటినుండి సేకరణ నారంభించెను. దేశీయ చిత్రకారులను నియమించి, ప్రతి మొక్కను ఆకు, పూవు, కాయ, గింజలతో యథాతథముగా చిత్రింపజేసి, దాని వర్ణనను తాను వ్రాసెను. ఆ చిత్రములు కొన్ని యేండ్లలోనే వందల కొలది యాయెను.

ఈయన కృషిలో మనము విశేషముగా గమనింపవలసినది మరియొకటి కలదు. కొత్త మొక్క కనబడినంతనే దానికి లాటిను పేరు పెట్టి ఈయన తృప్తిపడలేదు. ఆ యూరివారు దాని నేమందురు, దేనికి వాడుదురు అని విచారించి, తెలుగు పేరును గూడ గ్రంథమున చేర్చెను. బట్టలకు ఎర్రరంగు వేయుటకు మన అద్దకపువారు వాడిన చిరివేరు, ఆకునుండి నీలిరంగు వచ్చునని తాను పరీక్షించి చూపిన పాలకొడిస, బీడీల ఆకుగా నేడు ప్రసిద్ధమైన తునికి, కలపకును ఔషధమునకును పేరుగన్న యేగిస, ఇవన్నియు ఈయన లేఖిని ద్వారా విద్వల్లోకమున కెక్కినవే. ఆ యేగిసయు, శేషాచలపు అడవుల రక్తచందనమును, మన పడౌకును ఒకే కుటుంబపు చెట్లు. అనగా కన్నతల్లి వంటి తెలుగునేల చెట్టునకును, పెంపుడుతల్లి వంటి ఈ దీవుల చెట్టునకును నడుమ చుట్టరికమున్నదన్న మాట. పడౌక్‌కును యేగిసకును శాస్త్రనామమును కూర్చినవాడు ఈయనయే.

ఈ కథలో సోమిద చెట్టు వృత్తాంతము మిక్కిలి రసవత్తరమైనది. ఉత్తర సర్కారుల కొండలలో పెరుగు ఈ చెట్టు బెరడు చేదు. ఆ కాలమున చలిజ్వరమునకు దక్షిణ అమెరికానుండి వచ్చు సింకోనా చెక్కయే శరణ్యము. దాని ధర యెక్కువ, దొరకుట తక్కువ. సోమిద చెక్క ఆ పనిని చేయగలదేమో యని రాక్స్‌బర్గ్ పరిశోధించి, ఆ ఫలితములను 1793లో ప్రకటించెను. మరుసటి యేడు, 1794లో, ఎడింబరోలో ఒక వైద్య విద్యార్థి ఈ చెక్కను గూర్చియే తన పట్టా వ్యాసమును వ్రాసెను. సోమిద సింకోనా స్థానము నాక్రమింపలేకపోయినను, దాని పేరు మాత్రము చిరస్థాయి యయ్యెను. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ వృక్షజాతికే సోయ్‌మిడా అని పేరిడిరి. తెలుగుమాట శాస్త్రనామమై ప్రపంచమంతట చెల్లుబడి యగుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

రాక్స్‌బర్గ్ మనస్సును కలచివేసినది క్షామము. 1789 మొదలు 1792 వరకు ఉత్తర సర్కారులలో వానలు వరుసగా ముఖము చాటు చేసినవి. పొలములు బీటలువారెను, లెక్కకు మిక్కిలిగా జనులు ఆకలిచే మరణించిరి. వైద్యునికి ఈ రోగమునకు మందు తెలియును, కాని అది సీసాలో నుండునది కాదు. కొబ్బరి, పనస, సీమపనస, అరటి, సగ్గుబియ్యపు చెట్టు మున్నగు ఆహారపు చెట్లను ఇండ్ల చుట్టును, గట్లమీదను విరివిగా నాటవలెననియు, వాన తప్పిననాడు అవి ప్రాణములు నిలుపుననియు ఈయన కంపెనీవారికి విన్నవించెను. తోటపని వినోదము కాదు, జీవరక్షణ మను సత్యమును ఈయన సామర్లకోటలో కన్నులారా చూచి నేర్చుకొనెను. ఈయన వ్రాసియుంచిన వాతావరణ లెక్కలను రెండువందల యేండ్ల తరువాత పరిశోధకులు వెదకి తీసి, ఆనాటి అనావృష్టి పసిఫిక్ సముద్రజలము వేడెక్కుటచే కలుగు ఎల్ నినో ప్రభావమని నిరూపించుటకు ఆధారముగా గైకొనిరి.

ఆ దినములలోనే మన దీవుల చరిత్రమును మొదలైనది. 1789లో ఆర్చిబాల్డ్ బ్లెయిర్ కంపెనీ పక్షమున చాథం దీవిలో మొదటి వలసను నెలకొల్పెను. ఆ రేవు తరువాత ఆయన పేరుతో పోర్టు బ్లెయిరై, 2024లో శ్రీ విజయపురమైనది. 1792లో ఆ వలసను ఉత్తర అండమానునకు మార్చిరి. అచట రోగములు, మరణములు మిక్కుటము కాగా 1796లో దానిని విడిచిపోయిరి. తెలుగు కొండలలో జ్వరమునకు మందు వెదకబడుచున్న కాలముననే, ఈ తీరమున వలసవారు రోగములకు బలియగుచుండిరన్న మాట. మూలికా పరిశోధన ప్రాణావసర మెందుకో ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచిన తెలియగలదు.

1793లో కలకత్తా సమీపమున శిబపురములోని వృక్షోద్యానమునకు రాక్స్‌బర్గ్ అధ్యక్షుడయ్యెను. రాబర్ట్ కిడ్ 1787లో స్థాపించిన ఆ తోటయే 2009 నుండి జగదీశ చంద్ర బోసు పేర వెలయుచున్నది. ఈయన చేరునాటికి అందున్న మొక్కల జాతులు సుమారు 300. ఈయన విడిచిన నాటికి సుమారు 3500. చిత్రపటముల సంఖ్య 2500 దాటెను. సామర్లకోటలో మొదలైన కోరమండల తీరపు మొక్కల గ్రంథము, లండనులో సర్ జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణమున 1795 నుండి 1820 వరకు, 300 వర్ణచిత్రములతో మూడు సంపుటములుగా వెలువడెను.

దేహము మాత్రము అంత శ్రమకు తట్టుకొనలేదు. పలుమారులు అనారోగ్యముచే విదేశములకు పోవలసివచ్చెను. తుదకు 1813లో భారతదేశమును విడిచెను. దారిలో సెంట్ హెలీనా దీవిలో ఆగి, రోగపీడితుడై యుండియు ఆ దీవి మొక్కల పట్టికను తయారుచేసెను. 1815లో ఎడింబరోలో కన్నుమూసెను. ప్రాణమిత్రుడగు విలియం కేరీ 1814లో శ్రీరామపురమున తోట మొక్కల పట్టికను అచ్చువేయించెను. ఫ్లోరా ఇండికా యను మహాగ్రంథమును 1832లో సంపూర్ణముగా ప్రకటించి మిత్రఋణము తీర్చుకొనెను.

ఈయనను కీర్తించునపుడు న్యాయము తప్పరాదు. ఈయన సేవించినది వర్తక కంపెనీని. నీలి, మిరియము, చెరకులపై చేసిన పరిశోధన వెనుక ఆ కంపెనీ లాభాపేక్ష యున్నది. అంతకంటె మనస్సును బాధించు సంగతి మరియొకటి. కొండలలో దారిచూపినవారు, మొక్కల పేర్లు చెప్పినవారు, రంగులు దిద్దిన చిత్రకారులు, వీరి పేర్లు ఆ గ్రంథముల అట్టలపై కానరావు. చెట్ల పేర్లు మిగిలినవి. చెప్పినవారి పేర్లు మాసిపోయినవి. అయినను, అడిగి వ్రాసినవాడొకడుండుటచే గదా ఆ మాత్రమైనను మిగిలినది!

ఈ సందర్భమున స్వవిషయ మొకటి మనవిచేయుదును. గత వర్షాకాలమున మా క్వార్టరు మెట్ల ప్రక్కన మొలచిన ఒక చిన్న మొక్కను చూపి, దాని పేరేమని మా అమ్మాయి నన్నడిగెను. ఆకుల క్రింద వరుసగా ఆవగింజలవంటి కాయలు. కళాశాలలో సాహిత్యము చదివి, ఇరువదేండ్లుగా దస్త్రములు వ్రాయుచున్న నాకు ఆ పేరు తెలియలేదు. ప్రక్క యింటికి శ్రీకాకుళమునుండి వచ్చియున్న పెద్దమ్మగారు చూచి, ఇది నేల ఉసిరి గదా నాయనా, పసరికలకు మా అమ్మ దీనినే వెదకించెడిదని చెప్పెను. ఆమె తిరుగు ఓడలో వెళ్లిపోయినది. ఆమె చెప్పకయే వెళ్లియుండినచో, మా యింట ఆ మొక్క ఉత్త కలుపుగా మిగిలెడిది.

మనలో పెక్కుమంది పూర్వులు శ్రీకాకుళ, విశాఖ తీరములనుండి ఈ దీవులకు వచ్చినవారు. తెచ్చుకొన్న సామానులో పేర్లు గూడ కలవు. అవి ఒక తరమున వాడక, రెండవ తరమున మరపు, మూడవ తరమున శూన్యము కానున్నవి. భారత వృక్షశాస్త్ర పరిశీలన శాఖవారు 1972 నుండి ఇచట కేంద్రము నెలకొల్పి, ధనీఖారిలో తోట పెంచుచు తమ కర్తవ్యమును నెరవేర్చుచున్నారు. పెరటి పని మాత్రము మనదే. మన సభ్యుల యిండ్లలోని తులసి, వాము, కలబంద, వస, నేల ఉసిరి, తిప్పతీగల అంట్లు, విత్తులు ఒక చోట చేర్చి, ఏటేట వానల మొదటనే పంచుకొన్నచో ఎంతో మేలు. ప్రతి మొక్క ప్రక్కన తెలుగు పేరును, పొరుగు బంగాళీ, తమిళ, హిందీ సోదరులు పలుకు పేరును పిల్లలచేత వ్రాయింపవలెను. చెప్పిన పెద్దల పేరును గూడ వ్రాయింపవలెను. రాక్స్‌బర్గ్ గ్రంథములలోని లోటు మన చిట్టాపుస్తకములోనైనను తీరవలెను. రూపసామ్యమును నమ్మి మందుగా మ్రింగుట ప్రమాదము గనుక, వైద్యము వైద్యుల యధీనముననే యుంచి, గుర్తింపును మాత్రము మనము నేర్చుకొందము.

పడౌక్ నీడన నిలిచినపుడు, సామర్లకోట గట్టుమీద కాగితము పట్టుకొని పల్లెవారిని పేరడిగిన ఆ వైద్యుని తలచుకొందము. ఆయనకు బదులు చెప్పిన మన పూర్వులనుగూడ తలచుకొందము.