పదవి కూడా ఒక అమానతే
మొదటి సాలార్‌జంగ్ జీవితం నేర్పే పాఠం

స్టేషన్ ఘన్‌పూర్‌లో రైలెక్కి హైదరాబాద్ వెళ్ళిన మన పిల్లలు సాలార్‌జంగ్ మ్యూజియం చూసి, అక్కడి గంట కొట్టే గడియారం గురించి ఇంటిల్లిపాదికీ చెబుతారు. ఆ వస్తువుల్లో ఎక్కువ భాగం సేకరించినవారు మూడవ సాలార్‌జంగ్. ఆయన తాతగారు, మొదటి సాలార్‌జంగ్ అయిన మీర్ తురాబ్ అలీ ఖాన్ గురించి మాత్రం మనకు తెలిసింది తక్కువ.

ఆయన 1829లో జన్మించారు. చిన్ననాటనే తండ్రిని కోల్పోయారు. పినతండ్రి సిరాజుల్ముల్క్ మరణించాక, 1853లో, ఇరవై నాలుగేళ్ళ వయస్సులో నిజాం ప్రభుత్వానికి దివాన్ అయ్యారు. ఆ వంశంలో అంతకు ముందు మీర్ ఆలం, మునీరుల్ముల్క్ కూడా దివాన్లే. కనుక ఆయనకు పదవి దక్కడంలో వంశం పాత్ర లేదనలేము. అయితే పదవిలోకి వచ్చాక ఆయన చేసిన పని వేరు.

ఆనాడు ఖజానా ఖాళీ. తాలూకాలను గుత్తకు ఇచ్చేవారు. ఎక్కువ సొమ్ము ఇస్తానన్నవాడే తాలూకాదారు. అర్హత అడిగే నాథుడు లేడు. గుత్త సొమ్మంతా చివరకు రైతు వీపు మీదే పడేది. సాలార్‌జంగ్ క్రమంగా గుత్తలను రద్దు చేసి, జీతం తీసుకొని పనిచేసే ఉద్యోగులను నియమించారు. 1865లో జిలాబందీ పేరిట రాజ్యాన్ని 5 విభాగాలుగా, 14 జిల్లాలుగా ఏర్పరచారు. పనివారిని తయారుచేయడానికి దారుల్ ఉలూమ్ మదర్సాను స్థాపించారు.

సమర్థులు ఎక్కడున్నా పిలిపించారు. సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ, మొహ్సినుల్ముల్క్, వికారుల్ముల్క్, చిరాగ్ అలీ వంటివారు 1870వ దశకంలో ఉత్తరాది నుండి వచ్చారు. వారు నిజంగా ప్రతిభావంతులే. రాజ్యానికి మేలు జరిగింది.

కాని ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. ఒకరు వచ్చి, తమవంటివారినే సిఫారసు చేస్తే, కొంతకాలానికి కచేరీ అంతా ఒకే తీరు మనుషులతో నిండిపోతుంది. అందులో ఎవరికీ దురుద్దేశం ఉండనవసరం లేదు. మన మాటతీరు, మన చదువు ఉన్నవాడే మనకు యోగ్యుడుగా తోస్తాడు. స్థానికుల మనసులో అసంతృప్తి మొదలైంది. ముల్కీ, గైర్ ముల్కీ అనే వాదం పెరిగి, 1919లో ఏడవ నిజాం పదిహేనేళ్ళ నివాసం షరతుతో ముల్కీ నిబంధనలు తెచ్చేదాకా పోయింది. ఇక కచేరీ భాష ఫార్సీ. తెలుగు మాత్రమే తెలిసిన రైతుబిడ్డ ఎంత తెలివిగలవాడైనా ఆ గడప దాటడం కష్టమే.

ముగ్గురు నిజాముల వద్ద ముప్ఫై ఏళ్ళు దివాన్‌గా ఉండి, 1883 ఫిబ్రవరి 8న సాలార్‌జంగ్ కలరాతో పరమపదించారు. లంచాన్ని, గుత్తను ఆపడం ఆయన ఘనత. కంటికి కనపడని పక్షపాతాన్ని ఆపడం అంతకంటె కష్టమని కూడా ఆయన కాలం చెబుతోంది.

అమానతులను అర్హులకు అప్పగించాలన్నది సూరా నిసాలోని దైవాజ్ఞ. దైవప్రవక్త (స) అజాన్ బాధ్యతను అప్పగించింది నిన్నటి బానిస హజ్రత్ బిలాల్ (రజి) గారికి. మరి మనం మసీదుకు ఇమామును, బడికి ఉపాధ్యాయుణ్ణి, దుకాణానికి గుమాస్తాను ఎన్నుకునేటప్పుడు ఏం చేస్తున్నాం? ఏ ఊరు, ఎవరి అబ్బాయి, ఏ ఖాన్‌దాన్ అనే కదా ముందు అడుగుతున్నాం! పనికి కావలసిన అర్హతలను ముందుగానే కాగితం మీద రాసుకుందాం. వచ్చినవారందరినీ అవే ప్రశ్నలు అడుగుదాం. పరీక్ష పెడితే పేర్లు చూడకుండా మార్కులు వేద్దాం. ఒక్కరే కాక ఇద్దరు ముగ్గురు కూర్చొని నిర్ణయిద్దాం. మన బిడ్డ వేరొకరి గడపలో ఉద్యోగానికి నిలబడినప్పుడు మనం కోరుకునే న్యాయం ఇదే కదా.

అల్లాహ్ మనందరికీ అద్ల్‌తో మెలిగే సద్బుద్ధిని ప్రసాదించుగాక. ఆమీన్.