ఒలివియే మెస్సియాన్

నాదానికి దేశకాలాల ఎల్లలు లేవు. అయితే దానిని గ్రహించడానికి చెవితోపాటు వినయం కూడా అవసరం. పక్షి కూతను, పరదేశపు తాళాన్ని, శిష్యుని సందేహాన్ని సమాన శ్రద్ధతో ఆలకించి, ఇరవయ్యో శతాబ్దపు పాశ్చాత్య సంగీతానికి కొత్త దారి చూపిన మహనీయుడు ఒలివియే మెస్సియాన్.

ఆయన 1908 డిసెంబరు 10న ఫ్రాన్సు దేశంలోని అవిన్యోన్ నగరంలో జన్మించారు. తండ్రి పియేర్ ఆంగ్లోపాధ్యాయుడు. షేక్స్‌పియర్ నాటకాలను ఫ్రెంచిలోకి అనువదించిన పండితుడు. తల్లి సెసీల్ సోవాజ్ కవయిత్రి. మెస్సియాన్ 1919లో పారిస్ సంగీత కళాశాలలో చేరి, మార్సెల్ ద్యుప్రే వద్ద ఆర్గాన్ వాదనం, పాల్ ద్యుకా వద్ద స్వరరచన అభ్యసించారు. 1931లో పారిస్‌లోని హోలీ ట్రినిటీ చర్చిలో ఆర్గాన్ వాద్యకారునిగా నియమితులయ్యారు. చిన్నా పెద్దా గొట్టాలలోకి గాలిని పంపి ధ్వనింపజేసే ఆ మహావాద్యాన్ని ఆయన అరవై ఏళ్లపాటు సేవించారు.

యౌవనంలోనే ఆయనకు ఒక ఫ్రెంచి విజ్ఞానసర్వస్వంలో 120 దేశీతాళాల పట్టిక కనిపించింది. అవి పదమూడో శతాబ్దంలో దేవగిరి ఆస్థానంలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీత రత్నాకరంలోనివి. వాటిని ఆయన ఏళ్ల తరబడి పరిశీలించారు. వికటకవి అనే మాటవలె ఎటునుంచి చదివినా ఒకటిగానే ఉండే లయలు కొన్ని అందులో ఉండటం ఆయనను అబ్బురపరచింది.

ఇంతలో రెండో ప్రపంచయుద్ధం ముంచుకొచ్చింది. చూపు మందం కావడం వల్ల సైనిక వైద్యసేవలో చేరిన మెస్సియాన్ 1940లో జర్మన్ సేనలకు చిక్కి, గోర్లిట్జ్ వద్ద యుద్ధఖైదీల శిబిరంలో బందీ అయ్యారు. ఆకలి, చలి, అనిశ్చితి ఆయనను చుట్టుముట్టాయి. అయినా కలం ఆగలేదు. శిబిరంలోని ఒక జర్మన్ కాపలాదారు కాగితాలు సమకూర్చి తోడ్పడ్డాడు. తోటి ఖైదీలలో వయొలిన్, సెల్లో, క్లారినెట్ వాయించగలవారు ముగ్గురు ఉన్నారు. ఆ ముగ్గురికోసం, తనకోసం ఆయన కాలాంత చతుష్టయమనే ఎనిమిది భాగాల కృతిని రచించారు. అందులో పక్షుల పాటలు వినిపిస్తాయి. మొదటి భాగంలో పియానో లయ రాగవర్ధనం, చంద్రకళ, లక్ష్మీశం అనే మూడు దేశీతాళాల కూర్పు. 1941 జనవరి 15న, గడ్డకట్టే చలిలో, నొక్కిన మెట్లు సరిగా పైకి లేవని పియానోపై ఆయనే వాయించగా ఆ కృతి తొలిసారి వినిపించింది. ఖైదీలూ, వారిని బంధించినవారూ కలిసి మౌనంగా ఆలకించారు.

అదే సంవత్సరం విడుదలై, పారిస్ సంగీత కళాశాలలో ఆచార్యులయ్యారు. 1978 వరకు అక్కడ బోధించారు. బులేజ్, స్టాక్‌హౌసెన్ వంటి ప్రసిద్ధులు ఆయన శిష్యులే. ఇంజనీరింగు చదివి, ఆలస్యంగా సంగీతం వైపు వచ్చిన జెనాకిస్‌ను పాత పాఠాలు మొదటినుంచి నేర్వమని ఆయన నిర్బంధించలేదు. తనకు తెలిసిన గణితం, వాస్తుశిల్పాలనే సంగీతంగా మలచుకోమని ప్రోత్సహించారు. శిష్యుని తనవలె కాక, అతనివలెనే తీర్చిదిద్దడం ఆయన బోధనలోని విశిష్టత.

1945 ప్రాంతంలో పత్రికలు ఆయన రచనలను తీవ్రంగా విమర్శించాయి. తొలి భార్య క్లేర్ జ్ఞాపకశక్తి కోల్పోయి, దీర్ఘవ్యాధితో 1959లో మరణించింది. ఈ కష్టాల నడుమనే సంస్కృత నామం గల తురంగలీల సింఫనీ 1949లో అమెరికాలోని బోస్టన్‌లో తొలిసారి వినిపించింది. అడవులలో, కొండలలో తిరిగి పక్షుల కూతలను స్వరలిపిలో నమోదు చేసి, 1958 నాటికి పక్షుల పట్టిక పేరుతో పదమూడు పియానో రచనలు పూర్తిచేశారు.

మెస్సియాన్ 1992 ఏప్రిల్ 27న కన్నుమూశారు. ముళ్లకంచె ఆయన దేహాన్ని బంధించింది గాని, వినికిడిని బంధించలేకపోయింది. విద్యకు తొలిమెట్టు శ్రద్ధగా వినడమేనని ఆయన జీవితం బోధిస్తుంది.