జాయప సేనాని: విశ్వాసమునకు ప్రతిరూపము

కృష్ణానది సాగరమున కలియుచోట నున్న దివిసీమను పాలించిన అయ్యవంశమున జాయప జన్మించెను. తండ్రి పిన్నచోడి. కాకతి గణపతిదేవుడు (1199–1262) తీరాంధ్రమును సాధించు తరుణమున దివిని జయించెను. ఐనను ఆ వంశము నున్మూలింపక, చోడి పుత్రికలగు నారమ, పేరమలను పరిణయమాడి, బాలుడగు జాయపను చేరదీసి, గుండామాత్యునిచే విద్య గరపించి, గజసాహిణిగా నియమించెను.

ఇచ్చట విచారణీయమగు విషయ మొకటి కలదు. ఏనుగు కోటతలుపు పగులగొట్టగలదు. బెదరినచో స్వసైన్యమునే త్రొక్కివేయగలదు. అట్టి బలమును ఓడిన వంశీయుని కప్పగించుట సాహసమే. జాయప ఆ నమ్మకమును వమ్ము చేయలేదు. అట్లని తనవారిని మరువనులేదు. దివిసీమలో ప్రభువు పేర గణపేశ్వరాలయమును, తన పాలనకేంద్రమగు చేబ్రోలున తండ్రి పేర చోడేశ్వరాలయమును నిర్మించెను. శా.శ. 1153 (క్రీ.శ. 1231) నాటి గణపేశ్వర శాసనము ఆతని వంశచరిత్రకు ముఖ్యాధారము. ప్రభుభక్తియు పితృభక్తియు ఒకే హృదయమున నిముడుననుటకు ఈ యాలయద్వయమే నిదర్శనము.

క్రీ.శ. 1253–54 ప్రాంతమున ఆతడు సంస్కృతమున రచించిన నృత్తరత్నావళి ఎనిమిదధ్యాయముల గ్రంథము. తొలి నాలుగు మార్గమునకును, తక్కిన నాలుగు దేశికిని చెందినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు దీనిని ఆంధ్రీకరించిరి. సేనానాయకుడై యుండియు పేరణి, చిందు వంటి జనపదనృత్తములను శాస్త్రగౌరవముతో వివరించుట గమనార్హము. తన అధికారమునకు లోబడినవారి అడుగులను సైతము శ్రద్ధగా పరికించినవాడే నాయకుడు. జాయప కీర్తి నేటికిని నిలుచుటకు ఖడ్గముకంటె ఆ శ్రద్ధయే హేతువని తోచును.