డబ్లిన్‌లో గిరిగారి చదువు

వరాహగిరి వెంకటగిరి పేరు చెప్పగానే ఢిల్లీలో ఎవరికైనా స్ఫురించేది 1969 నాటి రాష్ట్రపతి ఎన్నిక, కాంగ్రెసు చీలిక. ఆ కోలాహలంలో ఆయన జీవితంలోని ముఖ్యఘట్టమొకటి మరుగున పడిపోయింది. బారిష్టరు చదువుకు బరంపురం నుంచి బయలుదేరి 1913లో డబ్లిన్ చేరేనాటికి ఆయన వయస్సు పందొమ్మిదేళ్లు.

లండన్ కాక డబ్లిన్ ఎందుకు? 1909లో మదన్‌లాల్ ధింగ్రా లండన్‌లో కర్జన్ వైలీని కాల్చి చంపిన తర్వాత అక్కడి న్యాయవిద్యాసంస్థలు భారతీయ విద్యార్థులను అనుమానంతో చూడసాగాయి. ప్రవేశానికి ఆంక్షలు పెరిగాయి. చేరినవారిపై పోలీసు నిఘా సరేసరి. డబ్లిన్‌లోని కింగ్స్ ఇన్స్‌లో ఆ ఇబ్బంది తక్కువ. అక్కడ చేరిన గిరి యూనివర్సిటీ కాలేజీలో కూడ పాఠాలకు హాజరయ్యారు. పేరున్న న్యాయవాది జోగయ్య పంతులుగారి కుమారునికి చట్టాల మాట కొత్త కాదు. కొత్తది ఆ నగరమే.

ఆ శరత్కాలంలో తరగతులు ఆరంభమయ్యేసరికి డబ్లిన్ అట్టుడికిపోతున్నది. ఆగస్టులో ట్రాము కార్మికులు సమ్మెకు దిగారు. సుమారు 400 మంది యజమానులు ఏకమై, జేమ్స్ లార్కిన్ నాయకత్వంలోని సంఘాన్ని వీడనివారికి పని లేదన్నారు. దాదాపు 20,000 మంది వీధిన పడ్డారు. నెలల తరబడి సాగిన ఆ లాకౌటు 1914 ఆరంభంలో కార్మికుల ఓటమితో ముగిసింది. తెల్లవాడంటే దొర అనుకునే దేశం నుంచి వెళ్లిన విద్యార్థికి, తెల్లవాడే తెల్లవాని కడుపు మాడ్చటం కంటే పెద్ద పాఠం ఏ తరగతిలో దొరుకుతుంది?

కాలేజీలో ఆంగ్లం బోధించేవారిలో థామస్ మక్‌డోనా అనే కవి ఉండేవాడు. 1916 ఏప్రిల్ తిరుగుబాటు ప్రకటనపై సంతకం చేసిన ఏడుగురిలో ఆయన ఒకడు. మే 3న ఆయనను కాల్చి చంపారు. మే 12న కార్మిక నాయకుడు జేమ్స్ కానలీకీ అదే గతి పట్టింది. కానలీతో తన సాన్నిహిత్యాన్ని గురించి గిరి తరువాత చెప్పుకున్నదంతా చరిత్రకారులు యథాతథంగా స్వీకరించటం లేదు. పరిచయం మాట ఎలా ఉన్నా ప్రభావం కాదనలేనిది. బారిష్టరు పట్టాతో ఆ ఏడే స్వదేశం చేరిన గిరి న్యాయవాదవృత్తికే పరిమితం కాలేదు. బెంగాల్-నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టారు. 1927లో ఖర్గపూర్ వర్క్‌షాపులో లాకౌటు వచ్చినప్పుడు ఆయనకు డబ్లిన్ గుర్తు రాకుండా ఉంటుందా!

1952లో నెహ్రూ మంత్రివర్గంలో కార్మికశాఖ చేపట్టినప్పుడు కూడ ఆయన వాదం ఒక్కటే: తగాదాను సర్కారు ట్రిబ్యునళ్లు కాదు, బలమైన సంఘం, యాజమాన్యం ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలి. ఆ ధోరణి సహచర మంత్రులకు రుచించలేదు. ఒప్పందం కుదరక ట్రిబ్యునలు దాకా పోయిన బ్యాంకు ఉద్యోగుల తగాదాలో, ఆ ట్రిబ్యునలు తీర్పునే ప్రభుత్వం సవరించేసరికి 1954లో ఆయన పదవి వదులుకున్నారు. ఢిల్లీలో సిద్ధాంతం కోసం మంత్రి పదవి వదిలినవారిని వేళ్లమీద లెక్కించవచ్చు.

తరువాత గవర్నరు పదవులు, ఉపరాష్ట్రపతి పదవి, ఆపై రాష్ట్రపతి భవనం. 1974 మే నెలలో దేశవ్యాప్త రైల్వే సమ్మెను ప్రభుత్వం వేలాది అరెస్టులతో అణచివేసింది. సమ్మెకు ముందు నిలిచిన అఖిలభారత రైల్వేమెన్ ఫెడరేషన్‌కు పునాది వేసినవారిలో గిరి ఒకరు. ఆ 20 రోజులూ ఆయన రాష్ట్రపతి పదవిలోనే ఉన్నారు.