సునీల్ జానా

సునీల్ జానా (ఏప్రిల్ 17, 1918 - జూన్ 21, 2012) సుప్రసిద్ధ భారతీయ ఛాయాచిత్రకారుడు. 1943 నాటి బెంగాల్ కరవు, స్వాతంత్ర్యోద్యమ నాయకులు, ఆదివాసుల జీవనం, తెలంగాణ రైతాంగ పోరాటం ఈయన చిత్రాలలో ముఖ్యమైన వస్తువులు. నల్గొండ ప్రాంతపు రైతు ఉద్యమాన్ని బయటి ప్రపంచానికి చూపిన వారిలో ఈయన ఒకడు.

బాల్యము, విద్య

జానా అస్సాంలోని దిబ్రూగఢ్‌లో జన్మించి కలకత్తాలో పెరిగాడు. ఆంగ్ల సాహిత్యం చదువుతూ వామపక్ష విద్యార్థి ఉద్యమం వైపు ఆకర్షితుడయ్యాడు. ఛాయాచిత్రకళ అప్పటికి ఆయనకు అభిరుచి మాత్రమే. 1943లో కమ్యూనిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి పి.సి.జోషి ప్రోత్సాహంతో చదువు వదలి, చిత్రకారుడు చిత్తప్రసాద్‌తో కలిసి బెంగాల్ కరవు ప్రాంతాలలో పర్యటించాడు. ఆ చిత్రాలు పార్టీ పత్రిక పీపుల్స్ వార్‌లో వెలువడ్డాయి.

ఆకలితో మరణిస్తున్నవారిని చిత్రీకరించడం ఆయనను తీవ్రంగా బాధించింది. సహాయం చేయవలసిన చోట కెమెరా ఎత్తడం తగునా అన్న ప్రశ్న ఆయన వృత్తిజీవితం పొడవునా వెంటాడింది. ఆ చిత్రాలు కరవు తీవ్రతను దేశానికి తెలిపి సహాయ కార్యక్రమాలకు తోడ్పడడమే దానికి దొరికిన సమాధానం.

తెలంగాణ చిత్రాలు

నిజాం పాలనలోని నల్గొండ జిల్లాలో వెట్టిచాకిరి, భూముల ఆక్రమణలకు వ్యతిరేకంగా ఆంధ్ర మహాసభ నాయకత్వంలో రైతులు సంఘటితమయ్యారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో ఉద్యమం ఉధృతమైంది. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరాటానికి పిలుపునిచ్చారు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం ప్రవేశించిన తరువాత కొన్ని దళాలు అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని నల్లమల అడవులకు చేరాయి. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు.

1940ల రెండవ భాగంలో జానా తీసిన తెలంగాణ చిత్రాలలో ఆయుధాలు పట్టిన రైతులు, శిక్షణ పొందుతున్న దళసభ్యులు కనిపిస్తారు. ఉద్యమ కార్యకర్తల తోడ్పాటు లేనిదే అటువంటి చిత్రాలు తీయడం సాధ్యమయ్యేది కాదు.

ముఖము - ముప్పు

నిరసనలో పాల్గొన్నవారి చిత్రం ఒకవైపు సాక్ష్యం, మరొకవైపు ప్రమాదం. పత్రికలో ముఖం స్పష్టంగా కనిపిస్తే అదే పోలీసులకు ఆనవాలు కాగలదు. ఈ భయం నిరాధారం కాదు. పుచ్చలపల్లి సుందరయ్య లెక్క ప్రకారం ఈ పోరాటంలో సుమారు 4,000 మంది మరణించారు, 10,000 మందికి పైగా నిర్బంధానికి గురయ్యారు.

ప్రచురితమైన చిత్రాల వ్యాఖ్యలలో సామాన్య రైతుల పేర్లు చాలావరకు కనిపించవు. పేరు లేకపోవడం ఆనాడు వారికి కొంత రక్షణ. కానీ అదే కారణంగా ఆ రైతులు ఎవరో, ఏ ఊరివారో తరువాతి తరాలకు తెలియకుండా పోయింది. నాయకుల పేర్లు చరిత్రలో నిలిచాయి, వెంట నడిచినవారి ముఖాలు మాత్రమే మిగిలాయి.

ఈ చిత్రాలు పార్టీ ప్రచారానికి ఉపయోగపడినవే కనుక వాటిని నిష్పాక్షిక సాక్ష్యంగా గ్రహించరాదన్న అభ్యంతరం కూడా ఉన్నది. అయినా నల్గొండ రైతుల రూపం, వేషం, పట్టుదల తెలుసుకోవడానికి ఇంతకన్న ప్రత్యక్షమైన ఆధారాలు అరుదు.

తరువాతి జీవితము

1948లో జోషి పదవి కోల్పోయిన తరువాత జానా కూడా పార్టీకి దూరమయ్యాడు. 1949లో ఆయన చిత్రసంపుటి ది సెకండ్ క్రియేచర్ వెలువడింది. దాని ముఖచిత్రాన్ని సత్యజిత్ రాయ్ రూపొందించాడు. కలకత్తా ఫిల్మ్ సొసైటీ స్థాపకులలోనూ జానా ఒకడు. అమెరికా ఛాయాచిత్రకారిణి మార్గరెట్ బూర్క్-వైట్‌తో కలిసి పనిచేశాడు. తరువాతి కాలంలో ఆదివాసులను, పరిశ్రమలను చిత్రీకరించాడు. 1993లో ది ట్రైబల్స్ ఆఫ్ ఇండియా ప్రచురితమైంది.

చివరి దశలో చూపు మందగించింది. 2012లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ ప్రకటించింది. అదే సంవత్సరం అమెరికాలోని బర్క్‌లీలో మరణించాడు.