విన్‌స్టన్ రాయిస్: అపార్థమునకు గురియైన మేధావి

సాఫ్ట్‌వేర్ నిర్మాణమునకు ఏ పద్ధతి ఉత్తమమను వాదము నేటికిని సాగుచున్నది. ఆ వాదమున తరచుగా దోషిగా నిలుపబడిన అమెరికా శాస్త్రవేత్త విన్‌స్టన్ రాయిస్ జీవితమును మేమిచట సంగ్రహముగా మనవి చేయుచున్నాము.

రాయిస్ 1929లో జన్మించినారు. కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో భౌతికశాస్త్రమును, పిదప విమాన ఇంజనీరింగును అభ్యసించి డాక్టరేట్ పొందినారు. టి.ఆర్.డబ్ల్యు. సంస్థలో అంతరిక్షనౌకల సాఫ్ట్‌వేర్ పనిలో గడించిన అనుభవముతో 1970లో ఒక వ్యాసము ప్రకటించినారు.

అందు అవసరముల నిర్ణయము, విశ్లేషణ, రూపకల్పన, కోడింగ్, పరీక్ష, వినియోగము అను దశలు మెట్లవలె చిత్రింపబడినవి. లోకము ఆ పటమును మాత్రమే గ్రహించి, వాటర్‌ఫాల్ పద్ధతి యని పేరిడి, ఆయనను దానికి కర్తగా చేసినది. ఆ పేరు ఆయన వ్యాసమున లేనేలేదు! పైగా, పరీక్షను చివరకు వదలినచో అప్పుడు బయల్పడు లోపములు పనిని మరల రూపకల్పనకే త్రిప్పునని, వ్యయము రెట్టింపు కావచ్చునని ఆయన హెచ్చరించినారు. క్రొత్త పనియైనచో ముందొక నమూనా నిర్మించి చూడవలెనని, వినియోగదారుని ఆదినుండియు భాగస్వామిని చేయవలెనని సూచించినారు.

తరువాత లాక్‌హీడ్ సంస్థ సాఫ్ట్‌వేర్ కేంద్రమునకు సంచాలకులై, 1995లో కీర్తిశేషులైనారు. 2001లో అజైల్ వాదులు వినియోగదారుని సహకారమును తమ ప్రకటనలో చేర్చినారు. రాయిస్ ఆ అవసరమును ముప్పదియేండ్ల పూర్వమే గుర్తించియుండిరి.

విద్యార్థి మిత్రులారా! ఒక గ్రంథకర్తను ఖండించుటకు పూర్వము, పటము వెనుకనున్న పుటలను కూడ చదువుదము.